గొల్ల రామవ్వ గుడిసె - వకీలు చట్టం

హైదరాబాదు సంస్థానంలో రాజకీయాలు మొదట వకీళ్ల ఇళ్లల్లో పుట్టాయి. ఇది పొగడ్తా కాదు, నిందా కాదు. 1921 నవంబరులో వివేకవర్ధనిలో జరిగిన సంఘ సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభలోనివారు గేలిచేశారు. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కొద్దిమంది కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు వకీలు, బూర్గుల రామకృష్ణారావు వకీలు, కొండా వెంకట రంగారెడ్డి వకీలు. బహిరంగ సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాలని గస్తీ నిషాన్ 53 శాసించే రాజ్యంలో, సర్కారు ఉర్దూను చదివి సర్కారుకు అదే ఉర్దూలో జవాబు చెప్పగలిగినవాడు వకీలు ఒక్కడే. కనుక మొదటి అర్జీ ఆయనే రాశాడు, మొదటి సభకు ఆయనే అధ్యక్షుడయ్యాడు.

అయితే ఆ వకీలు ఎవరి ఇంటి బిడ్డ? చాలా సందర్భాల్లో ఊళ్లో భూమి ఉన్న కుటుంబం నుంచి వచ్చినవాడే. పట్నంలో కూచుని వెట్టిచాకిరీ రద్దు కావాలని తీర్మానం రాసేవాడి సొంత ఊళ్లో ఆ వెట్టి ఎవరికోసం సాగుతున్నదన్న ప్రశ్న ఆనాటి తీర్మానాల్లో వినిపించదు. ఆంధ్ర మహాసభ రావి నారాయణరెడ్డి తరం చేతికి వచ్చేదాకా ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఈ వకీళ్ల తరంలో చివరివాడు, అందరికన్నా దూరం పోయినవాడు పాములపర్తి వెంకట నరసింహారావు. న్యాయశాస్త్రం చదివాడు, సాయుధ శిబిరంలో పనిచేశాడు, శాసనసభ నుంచి ప్రధానమంత్రి పదవి దాకా నడిచాడు. దీనికి తోడు రచయిత. మన సాహిత్య విద్యార్థులకు ఆయన విశ్వనాథ 'వేయిపడగలు' హిందీలోకి తెచ్చిన అనువాదకుడిగానో, పదిహేడు భాషల పండితుడిగానో పరిచయం. పండితుడన్న మాట ఒక మనిషిని చరిత్ర నుంచి తప్పించడానికి బాగా పనికివస్తుంది. నాకు కావలసింది పండితుడు కాదు. 1949లో ఒక కథ రాసి, 1972లో ఒక చట్టం చేసిన మనిషి కావాలి. ఆ కథకూ ఆ చట్టానికీ విషయం ఒకటే: తెలంగాణ పల్లె. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు మన విమర్శలో పెద్దగా కనిపించరు.

1921 జూన్ 28న వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టిన ఆయన, కరీంనగర్ జిల్లా వంగర గ్రామంలో భూవసతి గల కుటుంబానికి దత్తు వెళ్లాడు. చదువు హనుమకొండలో. 1938 చివరలో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతర ఉద్యమం లేచింది. తార్నాకలోనో, బౌద్ధనగర్‌లోనో గది అద్దెకు తీసుకుని క్యాంపస్‌కు నడిచివెళ్లే నేటి విద్యార్థికి ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం ఎప్పటి నుంచో అక్కడున్నట్టే అనిపిస్తుంది. కాని ఆ సమ్మె నాటికి ఆ భవనం ఇంకా ప్రారంభం కాలేదు. 1939 డిసెంబరులో నిజాం దాన్ని ప్రారంభించాడు. అంటే ఆ భవనంలోకి అడుగుపెట్టవలసిన మొదటి తరం విద్యార్థుల్లో చాలామందిని ముందే బయటికి గెంటేశారన్నమాట. ప్రార్థన గదిలో పాట పాడినందుకు శిక్ష బహిష్కరణ. సమ్మె ఇతర ఊళ్ల కాలేజీలకు పాకింది, హనుమకొండలో చదువుతున్న నరసింహారావు కూడా చదువు పోగొట్టుకున్నాడు. నాగపూర్ విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షుడు టి.జె. కేదార్ ఈ విద్యార్థులను చేర్చుకోకపోతే వాళ్లలో ఎంతమంది చదువు అక్కడితో ఆగిపోయేదో. నరసింహారావు అక్కడ చేరాడు, పూనా ఫెర్గూసన్ కాలేజీలో బి.ఎస్‌సి. చేశాడు, మళ్లీ నాగపూర్‌లో లా చదివాడు. హైదరాబాదు వచ్చి బూర్గుల దగ్గర జూనియర్‌గా చేరాడు.

ఆ సమ్మె నుంచి దారులు రెండుగా చీలాయి. కొందరు స్టేట్ కాంగ్రెసులోకి పోయారు, కొందరు కమ్యూనిస్టు పార్టీలోకి. ఒకే హాస్టల్లో తిన్నవాళ్లు పదేళ్లు తిరిగేసరికి తుపాకికి చెరోవైపు నిలిచారు. ఈ చీలికను వ్యక్తుల స్వభావంతో వివరించే అలవాటు మనకుంది. భూమి పట్ల ఎవరి వైఖరి ఏమిటన్న దానితో వివరిస్తే మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

1947 ఆగస్టు తరువాత నిజాం స్వతంత్ర రాజ్యం అంటూ మంకుపట్టు పట్టినప్పుడు స్టేట్ కాంగ్రెస్ సరిహద్దుల అవతల శిబిరాలు పెట్టింది. నాకాల మీద, పోలీసు ఠాణాల మీద దాడులు చేసి వెనక్కి పోయే పద్ధతి. నరసింహారావు చాందా శిబిరంలో పనిచేశాడు. ఆయన జీవితంలోని 'సైనిక' అధ్యాయం ఇదే. చిన్నదే, కాని తేలిక అధ్యాయం కాదు. ఇక్కడ ఒక తేడాను గమనించాలి. సరిహద్దు శిబిరం శత్రువు నిజాం ప్రభుత్వం. అదే సమయంలో నల్లగొండ, వరంగల్ పల్లెల్లో సంఘం శత్రువు నిజాం ప్రభుత్వమూ, దాని కింద నిలిచిన దేశ్‌ముఖూ. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య పడిపోయింది విసునూరు దొర మనుషుల కాల్పుల్లో. పాలకుర్తి ఐలమ్మ పోరాడింది తాను పండించిన పంట కోసం. శిబిరంలో ఉన్నవాళ్లు నిజాం పోతే చాలుననుకున్నారు. సంఘంలో ఉన్నవాళ్లకు నిజాం పోయినా దొర మిగిలితే ఏమీ పోయినట్టు కాదు.

వకీలు అయినంతమాత్రాన అందరూ ఒక్క దారినే నడవలేదని కూడా చెప్పాలి. కొండా లక్ష్మణ్ ఆయన కన్నా ఆరేళ్లు పెద్ద, వకీలే. ఐలమ్మ తరఫునా, సాయుధ పోరాటంలో పట్టుబడినవారి తరఫునా కోర్టుల్లో నిలబడ్డాడు. తరువాత ఆయనా కాంగ్రెసు మంత్రే అయ్యాడు, 1969లో తెలంగాణ కోసం ఆ పదవి వదిలేశాడు. కాంగ్రెస్ వకీలు కూడా రైతు కేసును తన కేసుగా చేసుకోగలడనడానికి ఇది ఉదాహరణ. పరిమితులు ఎలాగూ ఉంటాయి.

చట్టమూ తుపాకీ రెండూ పట్టిన ఇలాంటి మనుషులు మన దగ్గరే పుట్టలేదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఫిరంగిదళం కెప్టెన్‌గా మొదలై, 1781లో యార్క్‌టౌన్ ముట్టడిలో పోరాడి, న్యూయార్క్‌లో లాయరై, 1787లో ఫిలడెల్ఫియా రాజ్యాంగ సభలో కూర్చున్న అలెగ్జాండర్ హామిల్టన్‌ను తీసుకోండి. ఆ సభకు సరిగ్గా ముందు మాసచూసెట్స్‌లో అప్పులపాలైన రైతులు, వాళ్లలో చాలామంది అదే యుద్ధంలో పోరాడినవాళ్లు, డేనియల్ షేస్ అనే మాజీ కెప్టెన్ నాయకత్వాన కోర్టుల తలుపులు మూయించారు. జప్తు తీర్పులు వచ్చేది కోర్టుల నుంచే కనుక. రాజ్యాంగ సభకు వెళ్లిన పెద్దమనుషుల మనస్సుల్లో ఆ భయం ఉంది. ఆర్థికమంత్రిగా హామిల్టన్ వేయించిన విస్కీ పన్నుకు పెన్సిల్వేనియా పశ్చిమ ప్రాంతపు రైతులు ఎదురుతిరిగితే, 1794లో వాళ్ల మీదికి పోయిన సైన్యం వెంట ఆయన స్వయంగా గుర్రమెక్కి వెళ్లాడు. రాజు మీద ఎత్తిన తుపాకి రైతు మీదికి తిరగడానికి అక్కడ పట్టిన కాలం పదమూడేళ్లు. తెలంగాణలో అన్ని ఏళ్లు కూడా పట్టలేదు.

1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య 17తో ముగిసింది. నిజాం లొంగాడు, రజాకార్లు చెదిరారు. సైన్యం మాత్రం వెనక్కి పోలేదు. సంఘం పల్లెల వైపు తిరిగింది. 1951 అక్టోబరులో పోరాట విరమణ దాకా వేట సాగింది. పార్టీ లెక్క ప్రకారం మూడువేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచారు, నాలుగువేల మంది చనిపోయారు.

సరిగ్గా ఈ నడుమ, 1949లో, వరంగల్ నుంచి వెలువడే 'కాకతీయ పత్రిక'లో 'విజయ' అనే పేరుతో నరసింహారావు 'గొల్ల రామవ్వ' కథ రాశాడు. పాములపర్తి సదాశివరావుతో కలిసి ఆ పత్రికను నడిపినవాడు కూడా ఆయనే. కథ తెలిసిందే. నిజాం పోలీసులు తరుముతుంటే ఒక యువకుడు రాత్రివేళ ఒక ముసలి గొల్ల స్త్రీ గుడిసెలో దూరతాడు. ఆమె అతనికి తిండి పెడుతుంది, వేషం మారుస్తుంది, పోలీసులు వచ్చినప్పుడు మనుమరాలి మొగుడని చూపించి దక్కిస్తుంది. దాశరథి, కాళోజీ, వట్టికోట ఆళ్వారుస్వామి తెలంగాణ పోరాటానికి అక్షరరూపం ఇచ్చిన కాలంలో వచ్చిన కథల్లో ఇది నిలబడదగిన కథ. రామవ్వ మాట్లాడే తెలుగు పుస్తకం తెలుగు కాదు, వంగర చుట్టుపట్ల వినిపించే తెలుగు. అంతకన్నా ముఖ్యం, కథలో వీరుడు తుపాకి పట్టినవాడు కాదు. అతను భయపడుతుంటే ముసలామె ఆలోచిస్తుంది. ఉపాయం ఆమెది, ధైర్యం ఆమెది, పోయేదేమైనా ఉంటే అదీ ఆమెదే. చదువుకున్న ఉద్యమకారుణ్ణి చదువులేని స్త్రీ నడిపిస్తుంది. ఒక భూస్వామి కుటుంబపు యువకుడు, పైగా వకీలు, పోరాటానికి ఆధారం ఎక్కడుందో ఇంత కచ్చితంగా చూడటం చిన్న విషయం కాదు. కథను మెచ్చుకోవడానికి సంకోచించనక్కరలేదు.

కాని తేదీ చూడండి. కథలోని పోలీసులు నిజాం పోలీసులు. కథ అచ్చయిన ఏడాది నిజాం పోలీసులు లేరు. ఆ ఏడాది తెలంగాణలో ఏ రామవ్వ గుడిసె తలుపైనా అర్ధరాత్రి చప్పుడైతే, తట్టేది కొత్త ప్రభుత్వం పంపిన సైనికుడు. లోపల దాక్కున్నవాడు, ఏడాది కింద నిజాంతో పోరాడిన అదే యువకుడు కావచ్చు. ఆమె చేసే పని మారలేదు. అన్నం పెట్టడం, మనుమరాలి మొగుడని చెప్పడం. శిక్ష మాత్రం ఇప్పుడు ఢిల్లీ పేరిట పడుతుంది. కథ అచ్చుకు వచ్చేనాటికే దాని రెండో భాగం ఊళ్లల్లో నడుస్తున్నది. దాన్ని రాసినవారు వేరే ఉన్నారు. 'గొల్ల రామవ్వ' రచయిత దానివైపు చూడలేదు. కథ తప్పని నేననడం లేదు. కథ ఎక్కడ ఆగిందో రచయిత రాజకీయమూ అక్కడే ఆగిందంటున్నాను.

1952 తొలి ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. ఆ ఎన్నికల్లో కరీంనగర్ నుంచి పి.డి.ఎఫ్. తరఫున బద్దం ఎల్లారెడ్డి లోక్‌సభకు పోయాడు, నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి. రామవ్వలు ఎవరికి ఓటేశారో దీన్నిబట్టి తెలుస్తుంది. 1957లో మంథని నుంచి శాసనసభకు గెలిచి, ఇరవై ఏళ్లపాటు ఆయన ఆ నియోజకవర్గాన్ని వదల్లేదు. 1962 నుంచి మంత్రి: న్యాయం, సమాచారం, దేవాదాయం, ఆరోగ్యం, విద్య. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడటంలో విద్యామంత్రిగా ఆయన పాత్ర ఉంది. కాలేజీ చదువుకు తెలుగులో పుస్తకాలు వచ్చాయంటే ఆ నిర్ణయం వల్లనే. ఇది న్యాయంగా ఒప్పుకోవలసిన పని.

1969 తెలంగాణ ఉద్యమం కాసు బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వాన్ని కదిలించిన తరువాత, 1971 సెప్టెంబరు 30న నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యాడు. ఆంధ్రప్రదేశ్‌కు తెలంగాణ నుంచి వచ్చిన మొదటి ముఖ్యమంత్రి. వెనుక బలమైన ముఠా లేదు, బలమైన కులమూ లేదు. ఇందిరాగాంధీకి కావలసిందీ అలాంటి మనిషే. గరీబీ హటావో నినాదం కాలం. శ్రీకాకుళంలో పోరాటాన్ని నెత్తుట ముంచి ఎంతో కాలం కాలేదు. భూమి అడిగినవాడికి తుపాకి గుండు ఒక చేతితోనూ, భూసంస్కరణ మరో చేతితోనూ చూపడం ఆ రోజుల పరిపాలన పద్ధతి.

అంతకుముందు 1961 సీలింగు చట్టం ఒకటి ఉండేది. దాని ప్రకారం ఒక కమతం భూమి తరగతిని బట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా ఉండవచ్చు. 324 ఎకరాలను 'పరిమితి' అనడానికి గుండెధైర్యం కావాలి. నరసింహారావు ప్రభుత్వం 1972లో ముందుగా భూముల అమ్మకాలూ బదిలీలూ ఆపుతూ ఆర్డినెన్స్ తెచ్చింది. వకీలు బుద్ధి కనిపించేది ఇక్కడే: చట్టం వస్తుందని తెలిస్తే దొర రాత్రికి రాత్రి కాగితాలు మారుస్తాడని ఊళ్లో పుట్టినవాడికి తెలుసు. ఆ తరువాత శాసనసభలో బిల్లు. అది 1973లో 1వ నంబరు చట్టమైంది. అయిదుగురి కుటుంబానికి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు. అంతకుముందున్న దానితో పోల్చితే ఇది నిజమైన కోత. భూస్వాములు నిండిన తన పార్టీ చేతనే ఓటు వేయించి ఈ కోత పెట్టించాడు. దీన్ని నాటకమని కొట్టిపారేసే విమర్శ సోమరి విమర్శ. నాటకమైతే అంత భయం పుట్టేది కాదు.

భయం వెంటనే బయటపడింది. 1972 అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కోస్తాలో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. ఉద్యోగాల గురించి ఆందోళనపడ్డ విద్యార్థుల కోపం నిజమైనదే. ఆ కోపానికి బళ్లూ డబ్బూ సమకూర్చినవారిలో సీలింగు చట్టం పేరు వింటే నిద్రపట్టని పెద్ద రైతులు ఉన్నారన్న సంగతి కూడా నిజమే. 1973 జనవరిలో ముఖ్యమంత్రి పదవి పోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. చట్టం పుట్టిన నెలలోనే చట్టం చేసినవాడు ఇంటికి పోయాడు.

ఆయనకు జరిగిన అన్యాయంగా ఈ కథను చెప్పేవాళ్లున్నారు. భూస్వాములు ఓడించిన సంస్కర్త అని. ఇందులో సగమే నిజం. మిగతా సగం చట్టం లోపలే ఉంది. చట్టం అమలులోకి వచ్చింది 1975 జనవరి 1న. ఈ నడిమి కాలంలో ఎవరి భూమి ఎవరి పేరు మీదికి పోయిందో ఊళ్లో అందరికీ తెలుసు, పట్వారీకి ఇంకా బాగా తెలుసు. ఎవరికెంత భూమి ఉందో చెప్పవలసినవాడు భూమి ఉన్నవాడే; డిక్లరేషన్ ఆయన రాసిందే. విచారించేది ట్రిబ్యునల్, దాని మీద అప్పీలు, దాని మీద హైకోర్టు. సీలింగు కేసులు ఒక తరం వకీళ్లకు జీవనోపాధి కల్పించాయి. రాష్ట్రం మొత్తంమీద మిగులుగా తేల్చింది సుమారు 8 లక్షల ఎకరాలు, పంచింది అంతకన్నా తక్కువ. 1940ల్లో సంఘం ఏ ట్రిబ్యునలూ లేకుండా పంచానన్నది పది లక్షలు, అదీ సంస్థానంలోని కొన్ని జిల్లాల్లో. సంఘం పంచిన భూమిలో చాలాభాగాన్ని సైన్యం తిరిగి దొరల పాలు చేసిందన్నది నిజం. అయినా పోల్చి చూడవలసిందే. దొర భూమి ఏ చెలకలో ఎంతో, ఏ జీతగాడి పేరు మీద దాచాడో సంఘానికి ఎలా తెలిసింది? దున్నేవాడు చెప్పాడు గనుక. చట్టంలో ఆ దున్నేవాడికి చోటు లేదు. 1949లో ఉపాయం గొల్ల రామవ్వది. 1972లో ఉపాయమంతా చట్టం రాసిన వకీలుది. రామవ్వ పట్టా కోసం కచ్చేరి మెట్ల మీద ఎదురుచూసే లబ్ధిదారు.

తన కథలో తానే కనిపెట్టిన సత్యాన్ని తన చట్టంలో ఆయన వాడుకోలేదు. ఆయన వైఫల్యానికి కారణం జై ఆంధ్ర ఒక్కటే కాదన్నది అందుకే. గ్రామంలో కూలీల సంఘం ఉన్నచోట సీలింగు చట్టం ఎంతోకొంత కదిలింది, లేనిచోట ఫైలుగా మిగిలింది. అలాంటి సంఘాలు లేచినప్పుడు రాజ్యం వాటిని ఎలా చూసిందో తెలిసిందే. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది ఆయన సొంత కరీంనగర్ జిల్లాలో. దొరల ఆక్రమణలో ఉన్న భూములే అక్కడ ప్రధాన సమస్య. ఆ తరువాత జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు.

ఉస్మానియా సంగతి మరొకటి ఇక్కడే చెప్పాలి. 1938 సమ్మె బహిష్కృతుల్లో ఒకడు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, 1972 ఏప్రిల్ 14న, ఇదే క్యాంపస్‌లో భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి జార్జి రెడ్డిని పొడిచి చంపారు. విద్యార్థి ఉద్యమం నుంచి వచ్చిన పాలకుడి హయాంలో విద్యార్థి ఉద్యమానికి దక్కిన రక్షణ అంతే.

తరువాతి అధ్యాయం దేశానికంతా తెలిసినదే కనుక దాని మీద ఎక్కువసేపు ఆగను. 1977లో హనుమకొండ నుంచి లోక్‌సభ, విదేశాంగం, హోం. 1984 నవంబరులో ఢిల్లీ వీధుల్లో సిక్కులను చంపుతున్నప్పుడు హోంమంత్రి. 1991 జూన్ నుంచి 1996 మే దాకా ప్రధాని. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలిన రోజు ప్రధాని. 1991 జూలైలో మొదలైన ఆర్థిక విధానాన్ని పొగిడేవారు, తిట్టేవారు ఇద్దరూ ఆయన్ని 1972 మనిషికి పూర్తిగా వేరే మనిషిగా చూస్తారు. నాకు అంత తేడా కనిపించదు. రెండుసార్లూ మార్పు పైనుంచే. రెండుసార్లూ కాగితం మీద కచ్చితమైన పని. రెండుసార్లూ ఆ మార్పు ఎవరి బతుకులో జరుగుతుందో వాళ్లను అడగవలసిన అవసరం ఆయనకు తోచలేదు. మొదటిసారి లాభం దున్నేవాడికి అన్నారు, రెండోసారి ఆ మాట కూడా అనలేదు.

పదవి పోయిన తరువాత 1998లో 'ది ఇన్‌సైడర్' నవల వచ్చింది. 'లోపలి మనిషి'గా తెలుగులోకి కూడా వచ్చింది. ఆనంద్ అనే పాత్ర, అఫ్రోజాబాద్ అనే ఊహా రాష్ట్రం. ఎవరు ఎవరో పోల్చుకోవడానికి పత్రికలు కొన్నాళ్లు ఆడుకున్నాయి. ఆ ఆట వల్ల నవల అసలు విషయం మరుగునపడింది. అది భూసంస్కరణ నవల. ముఖ్యమంత్రుల మధ్య కుట్రలు, ఎమ్మెల్యేల బేరాలు, భూస్వాముల ఎత్తుగడలు ఆయన కన్నా బాగా తెలిసినవాళ్లు తెలుగు దేశంలో నవల రాయలేదు. లోపల ఏం జరిగిందో ప్రతి గదీ తెరిచి చూపిస్తాడు. పేరే చెబుతున్నది కదా, నిలబడి చూసిన చోటు లోపల.

సాహిత్య విద్యార్థులు ఈ నవలనూ 'గొల్ల రామవ్వ'నూ ఒకే వారంలో చదివితే బాగుంటుంది. కథ నిడివి కొద్ది పేజీలు, భాష తెలంగాణ పల్లెది, చూపు గుడిసెలోంచి బయటికి. నవల ఏడువందల పేజీలు దాటింది, భాష ఇంగ్లీషు, చూపు సెక్రటేరియట్ లోంచి బయటికి. ఇద్దరూ ఒక్క రచయితే. భూమి గురించి ఆయనకు రెండోసారి ఎంతో ఎక్కువ తెలుసు: సర్వే నంబర్లు, కేబినెట్ నోట్లు, ఏ జిల్లా ఎమ్మెల్యే ఎంతకు లొంగుతాడో. మొదటిసారి తెలిసింది ఒక్కటే, అర్ధరాత్రి తలుపు చప్పుడైనప్పుడు లోపలి ముసలామె ఏం చేస్తుందో.